ఏ చేతికి మౌస్, ఏ వైపు నంబర్ ప్యాడ్: బల్ల అమరికలో ఎంపిక

శ్రీకాకుళంలో కొన్నా విజయనగరంలో కొన్నా, కంప్యూటరు బిగించడానికి వచ్చినవారు అమర్చిపెట్టే తీరు దాదాపు ఒకటే. మధ్యలో మానిటరు, దాని ముందు కుడి చివర నంబర్ ప్యాడ్ ఉన్న పూర్తి కీబోర్డు, దానికి కుడిపక్కన మౌస్. ఆ కుర్చీలో కూర్చోబోయే మనిషిది ఏ చేతివాటం, చేయబోయే పని సరుకు లెక్కలా, దరఖాస్తుల నమోదా, పెళ్ళి శుభలేఖల డీటీపీయా అన్న విచారణ ఆ సమయంలో జరగదు. ఆ తరువాత ఏళ్ల తరబడి రోజులో సగభాగం ఆ బల్ల ముందే గడుస్తుంది. ఏ చేయి ఏ పనిలో ఆరితేరుతుందో, ఏ భుజం ముందుగా అలిసిపోతుందో చాలావరకు ఆ అమరికే నిర్ణయిస్తుంది. అందుబాటులో ఉన్న అమరికలను పోల్చి, ఎవరికి ఏది తగినదో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

బల్ల అమరిక మనిషి చేతివాటాన్ని మార్చివేస్తుందా అన్న సందేహం, ముఖ్యంగా ఎడమచేతివాటం పిల్లలున్న ఇళ్లలో, తరచుగా వినిపిస్తుంది. మార్చదు. చేతివాటం మొగ్గు పుట్టుకకు ముందే కనిపిస్తుంది. గర్భంలో శిశువు ఏ బొటనవేలు చప్పరిస్తున్నదో స్కానింగులో గమనించిన పరిశోధకులు, ఆ పిల్లలు పెరిగాక చాలామందిలో అదే వైపు వాటం నిలిచినట్లు చూశారు. ప్రపంచ జనాభాలో పదిమందిలో సుమారు ఒకరిది ఎడమచేతివాటం. అయితే వాటం అనేది అన్ని పనులకూ ఒకే పాళ్లలో ఉండేది కాదు. 1971లో మనస్తత్వ శాస్త్రవేత్త ఓల్డ్‌ఫీల్డ్ చేతివాటం కొలవడానికి ప్రకటించిన ఎడిన్‌బరో ప్రశ్నావళి రాయడం, బొమ్మ గీయడం, విసరడం, కత్తెర, పళ్ల బ్రష్షు, చాకు, చెంచా, చీపురు, అగ్గిపుల్ల, పెట్టె మూత అనే పది పనులను విడివిడిగా అడుగుతుంది. చాలామందికి కొన్ని పనులు ఒక చేతికి, కొన్ని మరో చేతికి పంచబడి ఉంటాయి. బొబ్బిలి వీణ ముందు కూర్చున్నవారిలో ఎడమచేతి వేళ్లు మెట్ల మీద స్వరాన్ని పట్టుకుంటే కుడిచేతి వేళ్లు తీగను మీటుతాయి. ఎడమచేతివాటం విద్యార్థి కూడా సాధారణంగా ఆ వీణనే అదే విధంగా నేర్చుకుంటాడు, రాసేటప్పుడు మాత్రం కలం ఎడమచేతిలోనే ఉంటుంది. మౌస్ కూడా అటువంటిదే. అది సాధనతో వచ్చే పని కాబట్టి ఏ చేతికి అలవాటు చేస్తే ఆ చేతికి పట్టుబడుతుంది. ఎడమచేత్తో రాసేవారిలో ఎంతోమంది కుడిచేత్తో మౌస్ నడపడానికి కారణం మొదటి రోజున అది కుడివైపు ఉండడమే.

మౌస్ ఏ చేతికైనా అలవాటవుతుంది కనుక, దాన్ని చేతివాటం బట్టి కాక పనిబట్టి ఎంచుకోవాలని నా నిశ్చితాభిప్రాయం. చేతివాటం లెక్కలోకి రావలసింది కలం పట్టుకునే చోట.

స్కేలు పెట్టి కొలిస్తే తెలిసే సంగతి

మామూలు పూర్తి కీబోర్డు పొడవు సుమారు 44 సెంటీమీటర్లు. టైపు చేసేటప్పుడు మన శరీరం మధ్యరేఖ కీబోర్డు మధ్యభాగానికి ఎదురుగా ఉండదు. జీ, హెచ్ అక్షరాల నడుమ ఉంటుంది. ఎఫ్, జే మీటల మీద వేలికి తగిలే చిన్న గీతలు ఉండేది ఆ స్థానాన్ని చూపడానికే. అక్కడి నుంచి ఎడమ అంచుకు కొలిస్తే సుమారు 13 సెంటీమీటర్లు, కుడి అంచుకు కొలిస్తే సుమారు 30 సెంటీమీటర్లు వస్తుంది. అంటే కుడివైపు మౌస్ ఉన్న మనిషి దాన్ని అందుకోవడానికి ప్రతిసారీ 30 సెంటీమీటర్లు దాటి చేయి చాచాలి. మోచేయి పక్కటెముకలను వదిలి బయటికి జరుగుతుంది, భుజం బయటివైపుకు తిరుగుతుంది, అదే స్థితిలో గంటలు గడుస్తాయి. సాయంత్రానికి కుడి భుజం, మెడ కుడిపక్క పట్టేసినట్లు ఉంటున్నదని చెప్పేవారు ముందుగా కొలుచుకోవలసింది ఈ దూరాన్నే.

నంబర్ ప్యాడ్ లేని 87 మీటల కీబోర్డులో కుడివైపు దూరం సుమారు 22 సెంటీమీటర్లకు, బాణం గుర్తుల మీటలు కూడా తీసివేసిన 61 మీటల చిన్న కీబోర్డులో సుమారు 16 సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఎడమవైపు దూరం మాత్రం అన్నింటిలోనూ ఇంచుమించు 13 సెంటీమీటర్లే. కుడిచేతివాటం వారి కోసమే తయారైనట్లు కనిపించే పూర్తి కీబోర్డు నిజానికి మౌస్‌ను ఎడమవైపు పెట్టుకున్నవారి భుజానికే ఎక్కువ అనుకూలం.

పూర్తి కీబోర్డు: మౌస్ కుడివైపా, ఎడమవైపా

లెక్కల పనికి నంబర్ ప్యాడ్ తప్పనిసరి. పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారుల దగ్గర ట్యాలీ అనే లెక్కల ప్రోగ్రాములో అమ్మకాలు ఎక్కించే గుమాస్తా చేతులను కాసేపు గమనించండి. ఎఫ్8 నొక్కి అమ్మకపు వోచరు తెరుస్తాడు, సరుకు పేరు దగ్గర డబ్ల్యూ320 అనే జీడిపప్పు రకం కొట్టడానికి డబ్ల్యూ అక్షరాన్ని ఎడమ ఉంగరపు వేలు కొడుతుంది, 320 అనే అంకెలను కుడిచేయి నంబర్ ప్యాడ్ మీద చూడకుండానే కొట్టి, పక్కనే ఉన్న ఎంటర్‌ను చిటికెన వేలితో నొక్కుతుంది. తరువాత కిలోలు, ధర, మళ్లీ ఎంటర్. ఈ వరుసలో మౌస్ అవసరం చాలా తక్కువ. ఎప్పుడో ఒకసారి అవసరమైనప్పుడు అది కుడివైపు ఉంటే, అంకెలు కొడుతున్న చేయి పని ఆపి, మౌస్ దగ్గరికి వెళ్లి, తిరిగి వచ్చి, అయిదు అంకె మీద ఉన్న చిన్న బొడిపెను వెతుక్కోవాలి. మౌస్ ఎడమవైపు ఉంటే కుడిచేయి అంకెల మీదనే నిలిచి ఉంటుంది. కాబట్టి రోజంతా అంకెలు ఎక్కించేవారికి, వారిది ఏ చేతివాటమైనా సరే, పూర్తి కీబోర్డుతో పాటు ఎడమవైపు మౌస్ పెట్టుకోవడమే నా మొదటి సలహా. కుడిచేతివాటం వారికి తొలి రోజులలో చికాకుగా ఉంటుంది, బాణం గుర్తు తెర మీద అదుపు తప్పుతుంది. పాయింటరు వేగాన్ని కొంత తగ్గించుకుని, పని ఒత్తిడి లేని సమయంలో మొదలుపెడితే కొన్ని వారాలలో సర్దుకుంటుంది. నెలాఖరు లెక్కల హడావుడిలో మాత్రం ఈ మార్పు మొదలుపెట్టవద్దు.

మీసేవ కేంద్రం, సచివాలయం, బ్యాంకు వంటి చోట్ల కౌంటరు వెనుక కూర్చునేవారికి ఎడమ మౌస్ వల్ల మరొక ప్రయోజనం ఉంది. మన ప్రాంతంలో డబ్బు గాని, ధ్రువపత్రం గాని ఎడమచేత్తో అందిస్తే ఎదుటివారు, ముఖ్యంగా పెద్దవారు, నొచ్చుకుంటారు. కుడిచేతిలో మౌస్ ఉన్నవారు ప్రతి ఒక్కరి కాగితం తీసుకునేటప్పుడు, రసీదు ఇచ్చేటప్పుడు మౌస్ వదిలి మళ్లీ పట్టుకోవాలి. ఎడమవైపు మౌస్ అలవాటైనవారు తెర మీద వివరాలు చూసుకుంటూనే కుడిచేత్తో ఆధార్ కార్డు అందుకోగలరు, రిజిస్టరులో నంబరు రాయగలరు. రోజుకు వందమంది వచ్చే కౌంటరులో ఇది చిన్న సౌకర్యం కాదు.

ఎడమచేత్తో రాసేవారి విషయంలో ఇదే తర్కం తిరగబడుతుంది. వారికి కుడి మౌస్ ఇప్పటికే అలవాటై ఉంటే, తెరను కుడిచేత్తో జరుపుతూ ఎడమచేత్తో రిజిస్టరు రాసుకునే వీలుంటుంది. ఎడమచేతివాటం వారు కాబట్టి మౌస్ కూడా ఎడమకు మార్చాలని పట్టుబట్టే బంధుమిత్రుల మాట వినవలసిన అవసరం లేదు. వారికి కావలసింది రిజిస్టరు పెట్టుకోవడానికి కీబోర్డుకు ఎడమవైపు ఖాళీ. బల్ల మీద ప్రింటరు, వేలిముద్ర యంత్రం, ఫైళ్లు అన్నీ ఎడమవైపే పేర్చి ఆ ఖాళీని మింగివేయడం మనకు చాలాచోట్ల కనిపిస్తుంది. ముందు వాటిని కుడివైపుకు జరపండి.

ఎడమ మౌస్ పెట్టుకున్నవారు బటన్లను కూడా తారుమారు చేయాలా? కంప్యూటరు తమ ఒక్కరిదే అయితే విండోస్ సెట్టింగులలో మౌస్ విభాగంలోకి వెళ్లి ప్రధాన బటన్‌ను కుడివైపుకు మార్చుకోవచ్చు. అప్పుడు చూపుడు వేలితోనే క్లిక్ చేయవచ్చు. ఇంటర్నెట్ సెంటర్లలో, ఇద్దరు ముగ్గురు పంచుకునే ఆఫీసు కంప్యూటర్లలో మాత్రం మార్చకండి. మౌస్‌ను అలాగే ఎడమవైపు పెట్టుకుని, మధ్యవేలితో ఎడమ బటన్, చూపుడు వేలితో కుడి బటన్ నొక్కడం నేర్చుకుంటే తరువాత కూర్చునేవారికి ఇబ్బంది ఉండదు, మనకు కూడా ఏ కంప్యూటరు ముందైనా పని సాగుతుంది.

నంబర్ ప్యాడ్ లేని కీబోర్డు

శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు రూపొందించే డీటీపీవారి పని స్వభావం వేరు. వారి కుడిచేయి గంటల తరబడి మౌస్‌ను వదలదు. ఎడమచేయి కంట్రోల్‌తో పాటు సి, వి, ఎక్స్, జెడ్ మీటల మీద ఉంటుంది. కాపీ, పేస్ట్, కట్, అన్‌డూ అనే నాలుగు పనులూ ఎడమచేతి కింద వరుసగా అమరి ఉండడం వల్ల ఈ పనికి కుడి మౌస్ సహజంగా పొసగుతుంది. నంబర్ ప్యాడ్ వారికి దాదాపు అక్కరలేదు, అది మౌస్‌ను దూరం నెట్టడం తప్ప చేసే మేలు లేదు. 87 మీటల కీబోర్డు తీసుకుంటే మౌస్ ఒక్కసారిగా ఎనిమిది సెంటీమీటర్లు దగ్గరకు వస్తుంది. అంకెల అవసరం అప్పుడప్పుడు ఉంటే, విడిగా దొరికే యూఎస్‌బీ నంబర్ ప్యాడ్‌ను సొరుగులో ఉంచుకుని కావలసినప్పుడు పెట్టుకోవచ్చు. 61 మీటల కీబోర్డును నేను డీటీపీ పనికి సూచించను. బాణం గుర్తులు, డిలీట్, హోమ్, ఎండ్ మీటలకు కూడా ఎఫ్‌ఎన్ మీటతో కలిపి నొక్కవలసి రావడం వల్ల భుజానికి మిగిలిన హాయి వేళ్లకు భారంగా మారుతుంది.

డీటీపీ చేసే ఎడమచేతివాటం వారు ఎడమ మౌస్‌నే కోరుకుంటే, షార్ట్‌కట్ల కోసం ప్రతిసారీ మౌస్ వదలనక్కరలేకుండా ఒక పాత మార్గం ఇప్పటికీ పనిచేస్తుంది: కాపీకి కంట్రోల్ – ఇన్‌సర్ట్, పేస్ట్‌కు షిఫ్ట్ – ఇన్‌సర్ట్, కట్‌కు షిఫ్ట్ – డిలీట్. కీబోర్డు కుడి భాగంలోని కంట్రోల్, షిఫ్ట్ మీటలతో వీటిని కుడిచేత్తోనే నొక్కవచ్చు. విండోస్‌లోని చాలా ప్రోగ్రాములు వీటిని అంగీకరిస్తాయి. అయితే కొనేముందు ఇన్‌సర్ట్ మీట విడిగా ఉందో లేదో చూసుకోవాలి. చాలా లాప్‌టాప్‌లలో అది మరో మీటతో కలిసిపోయి ఉంటుంది.

బొమ్మలు గీసేవారికి పెన్ ట్యాబ్లెట్ (కలంతో గీసే పలక) విషయంలో మాత్రం రాజీ వద్దు. అది కలమే. రాసే చేతిలోనే ఉండాలి, ఆ చేతి వైపే ఉండాలి. చాలా ట్యాబ్లెట్లను నడిపే డ్రైవర్ ప్రోగ్రాములలో ఎడమచేతివారి కోసం దిశ తిప్పుకునే సౌకర్యం ఉంటుంది.

ఎడమవైపు నంబర్ ప్యాడ్

ఎడమచేతివాటం వారికి అంకెల పని ఎక్కువగా ఉండి, కుడిచేత్తో అంకెలు కొట్టడం ఇంకా అలవాటు కాకపోతే, 87 మీటల కీబోర్డుకు ఎడమపక్కన విడి నంబర్ ప్యాడ్ పెట్టుకోవడం ఒక మార్గం. అంకెల భాగమే ఎడమవైపు ఉండేలా తయారైన కీబోర్డులు ఉన్నాయి గాని, మన జిల్లా కేంద్రాల దుకాణాలలో వాటిని ఆశించలేము. విడి ప్యాడ్ కొన్ని వందల రూపాయలలో వస్తుంది. ఒక లోపాన్ని ముందే తెలుసుకోవాలి: విడి ప్యాడ్‌లో మీటల వరుస అద్దంలో బింబంలా తిరగబడదు. ఎంటర్, కూడిక గుర్తు కుడి అంచునే ఉంటాయి. కుడిచేతికి అవి చిటికెన వేలి కిందికి వస్తే, ఎడమచేతికి చూపుడు వేలు, బొటనవేలి వైపు వస్తాయి. కొందరికి ఇదే మరింత బలంగా, సుళువుగా అనిపిస్తుంది. ఇప్పటికే కుడిచేత్తో నంబర్ ప్యాడ్ వేగంగా కొట్టగల ఎడమచేతివాటం గుమాస్తాకు మాత్రం ఈ ఖర్చు వృథా. ఆ వేగాన్ని వదులుకోవడం అనవసరం.

తెలుగు టైపింగులో చేతుల మధ్య పంపకం

ఇంగ్లీషు కీబోర్డును తెలుగువారు ఎలా వాడుతున్నారన్నది కూడా ఈ ఎంపికలో భాగమే. షోల్స్ రూపొందించి 1874లో రెమింగ్టన్ అమ్మకానికి తెచ్చిన టైపు మిషను నుంచి వచ్చిన క్వెర్టీ వరుసలో, ఇంగ్లీషులో అతి తరచుగా వచ్చే ఇ, ఏ, టీ, ఆర్, ఎస్ అక్షరాలన్నీ ఎడమచేతి కిందే ఉన్నాయి. కుడిచేతివాటం వారి చేత కూడా ఎక్కువ అక్షరాలను ఎడమచేత్తో కొట్టించే అమరిక అది. ఇక తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి లిప్యంతరీకరణ చేసే పద్ధతిలో చాలా హల్లుల వెనుక ‘ఏ’ మీట నొక్కవలసి వస్తుంది. ఆ భారమంతా ఎడమచేతి చిటికెన వేలిది. రోజుకు రెండు మూడు పేజీలు కొట్టేవారికి ఇది పట్టించుకోవలసిన విషయం కాదు. రోజంతా తెలుగే కొట్టేవారికి తప్పక పట్టించుకోవలసినది.

వారికి ఇన్‌స్క్రిప్ట్ మేలు. భారత ప్రభుత్వం 1980లలో రూపొందించిన ఈ వరుసలో గుణింతపు గుర్తులు ఎడమవైపు, హల్లులలో అధికభాగం కుడివైపు ఉంటాయి. ‘తెలుగు’ అన్న మాటనే కొట్టి చూడండి: త కుడిచేతికి, ఎత్వం ఎడమచేతికి, ల కుడిచేతికి, కొమ్ము ఎడమచేతికి, గ కుడిచేతికి, కొమ్ము మళ్లీ ఎడమచేతికి. రెండు చేతులూ ఒకదాని తరువాత ఒకటి నడుస్తాయి, ఏ వేలూ రెండు దెబ్బలు వరుసగా తినదు. మ, న వంటి కొన్ని హల్లులు ఎడమవైపు ఉండడం వల్ల ‘మన’ అన్న మాట పూర్తిగా ఎడమచేతిలోనే పడుతుంది, అయినా మొత్తం మీద భారం సమంగా పంచబడుతుంది. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ విడిగా ఏదీ కొనకుండానే ఇది లభిస్తుంది. ఇప్పటికే అను ఫాంట్లతో ‘ఆపిల్’ అనే తెలుగు మీటల వరుసలో చేయి తిరిగిన డీటీపీవారిని మారమని నేను చెప్పను. కొత్తగా నేర్చుకునేవారు మాత్రం ఇన్‌స్క్రిప్ట్‌తోనే మొదలుపెట్టడం మంచిది. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకునేటప్పుడు మౌస్ ఏ వైపు ఉన్నా తేడా రాదు, ఎందుకంటే చేతులు రెండూ మీటల మీదే ఉంటాయి.

1936లో పేటెంటు పొందిన డ్వోరక్ వరుస ఇంగ్లీషుకు ఇటువంటి పంపకాన్నే చేస్తుంది. ఒక్క చేయి మాత్రమే పనిచేసేవారి కోసం అందులో కుడిచేతికి వేరుగా, ఎడమచేతికి వేరుగా రెండు వరుసలు ఉన్నాయి, విండోస్‌లోనే దొరుకుతాయి. ప్రమాదంలో గాని పక్షవాతంతో గాని ఒక చేయి కోల్పోయినవారికి వీటి గురించి చెప్పేవారు మన దగ్గర తక్కువ. తెలిసినవారు తప్పక చెప్పాలి. మిగిలినవారికి వీటి అవసరం లేదు.

విద్యార్థులకు, పిల్లలకు

లాప్‌టాప్ కొంటున్న ఇంజినీరింగ్ విద్యార్థులు తెర పరిమాణం చూస్తారు గాని టచ్‌ప్యాడ్ ఎక్కడ ఉందో చూడరు. 15.6 అంగుళాల వాటిలో నంబర్ ప్యాడ్ ఉన్నవే ఎక్కువ. అక్షరాల భాగం, టచ్‌ప్యాడ్ రెండూ ఎడమవైపుకు జరిగి ఉండడం వల్ల కూర్చున్న మనిషి తెరకు కొంచెం పక్కగా కూర్చోవలసి వస్తుంది. 14 అంగుళాల వాటిలో సాధారణంగా అన్నీ మధ్యలోనే ఉంటాయి, ఏ చేతివాటం వారికైనా సమానంగా అందుతాయి. ప్రోగ్రామింగు, రాత పని చేసేవారికి రెండోదే సరైనది.

పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న ఎడమచేతివాటం వారికి ఒక జాగ్రత్త చెప్పాలి. జేఈఈ మెయిన్ వంటి కంప్యూటరు పరీక్షలలో సంఖ్యారూపంలోని జవాబును కూడా తెర మీద కనిపించే అంకెల పలకపై మౌస్‌తోనే నొక్కాలి, మౌస్ సాధారణంగా కుడివైపే ఉంటుంది. చిత్తు లెక్కలు ఎడమచేత్తో, మౌస్ కుడిచేత్తో నడపడం వారికి నిజానికి లాభం: కలం కింద పెట్టకుండానే జవాబు గుర్తించవచ్చు. కాబట్టి ఇంట్లో ఎలా ఉన్నా, నమూనా పరీక్షలు మాత్రం కుడి మౌస్‌తో రాసి అలవాటు చేసుకోవాలి.

బడి ల్యాబులో కుడి మౌస్ పట్టుకున్నందువల్ల పిల్లవాడి పుర్రచేతివాటం పోతుందని ఆశపడేవారూ ఉన్నారు, పోతుందేమోనని దిగులుపడేవారూ ఉన్నారు. ఏదీ జరగదు. మౌస్ పిల్లవాడికి నచ్చిన వైపు పెట్టనివ్వండి, కలం మాత్రం బలవంతంగా మార్పించకండి.

కొనేముందు బల్లను చూడండి

ఏ అమరిక ఎంచుకున్నా, దాన్ని చెడగొట్టేది ఎక్కువగా కంప్యూటరు బల్ల కిందనున్న జారుడు ట్రే. ఆ ట్రేలు ఇరుకుగా ఉంటాయి. 44 సెంటీమీటర్ల కీబోర్డు పెట్టాక మౌస్‌కు చోటు మిగలదు. అప్పుడు మౌస్ పై పలక మీదికి చేరుతుంది, ఆ చేయి రోజంతా భుజం ఎత్తి పెట్టుకునే ఉంటుంది. కీబోర్డు, మౌస్ ఒకే ఎత్తులో, ఒకే పలక మీద ఉండాలన్నది ఎడమా కుడీ అన్న ప్రశ్నకంటే ముందుది. ట్రే ఇరుకైతే 87 మీటల కీబోర్డు తీసుకోండి, లేదా ట్రేను వదిలి రెండింటినీ పైకి తెచ్చి కుర్చీ ఎత్తు పెంచండి. కాళ్లు నేలకు అందకపోతే కింద చిన్న పీట వేసుకోవచ్చు.

చేయి మార్చడం వైద్యం కాదు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం, రాత్రి నిద్రలో ఆ తిమ్మిరితో మెలకువ రావడం మణికట్టులోని నరం నొక్కుకుపోతున్నదనడానికి గుర్తు కావచ్చు. అటువంటప్పుడు మౌస్ రెండో వైపుకు మార్చి ఊరుకోకుండా ఎముకల వైద్యుడికి గాని నరాల వైద్యుడికి గాని చూపించాలి.

దుకాణంలో మౌస్ కొనేటప్పుడు దాన్ని రెండు చేతులతోనూ పట్టి చూడండి. కుడి అరచేతి ఆకారంలో వంపు తిరిగిన మౌస్ ఎడమచేతికి పనికిరాదు. నిలువుగా పట్టుకునే రకాలలో ఎడమచేతివి వేరుగా తయారవుతాయి గాని తెప్పించుకోవలసిందే. రెండు పక్కలా ఒకే వంపు ఉన్న మామూలు మౌస్ అన్నిటికంటే చవక, చేయి మార్చి చూడాలనుకునేవారికి అదే తగినది. సీపీయూ బల్ల కుడి అరలో ఉంటే వైరు వెనుక నుంచి చుట్టి ఎడమవైపుకు చేరుతుందో లేదో ముందే దారంతో కొలుచుకుని వెళ్లండి, చాలకపోతే వైర్‌లెస్ తీసుకోండి.